మామిడి కింద నేలను కప్పే నీడ మొక్కలు: ఒకే దొడ్డిలో మూడు రకాల నీడ

పెరటినీడ, పర్లాకిమిడి (గజపతి జిల్లా) – జూన్ 4

సభ్యులందరికీ నమస్కారం. మా ఇంటి వెనుక సుమారు ఆరు సెంట్ల దొడ్డి ఉంది. దాని మధ్యలో మా మామగారి కాలం నాటి మామిడి చెట్టు, నూతి చప్టా పక్కన పనస చెట్టు ఉన్నాయి. ఇంటికి ఉత్తరాన, గోడకూ ప్రహరీకీ మధ్య నాలుగడుగుల సందు ఉంది. ఒకప్పుడు రెండు మామిడి చెట్లు ఉండేవి కానీ, 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపానుకు ఒకటి వేళ్లతో సహా ఒరిగిపోయింది. మిగిలిన చెట్టు కింద నేల బోసిగా ఉండడం వల్ల వాన పడినప్పుడల్లా ఎర్రమట్టి కొట్టుకుపోయి వేళ్లు పైకి తేలుతున్నాయి. అక్కడ రెండుసార్లు గరిక నాటించాను. రెండుసార్లూ మూడు నెలల్లో పలచబడి మాయమైంది.

నిరుడు శ్రావణంలో, నీడలో బాగా పెరుగుతాయని నర్సరీలో చెప్పగా, సరస్వతి ఆకును, ఊదా చారల జీబ్రినాను, ఎర్రని ఆకుల హెమిగ్రాఫిస్‌ను తెచ్చి మామిడి కింద, పనస కింద, ఉత్తరపు సందులో ఒకే వారంలో, ఒకే గెత్తం వేసి నాటాను. పనస కింద మూడూ దట్టంగా అల్లుకున్నాయి. మామిడి కింద సంక్రాంతి నాటికి వాడి, ఉగాది నాటికి ఆనవాలు లేకుండా పోయాయి. సందులో మే నెల మొదటి పక్షం వరకు చూడముచ్చటగా ఉన్నవి, ఆ తరువాత పది రోజుల్లో ఇస్తిరిపెట్టె తగిలినట్లు మాడిపోయాయి. మొక్కలన్నీ నీడ మొక్కలే, మూడు చోట్లా ఉన్నది నీడే. అటువంటప్పుడు ఫలితం ఇంత వేరుగా ఎందుకు వచ్చిందో నాకు బోధపడడం లేదు. వానలు దగ్గరపడ్డాయి కనుక మళ్లీ నాటడానికి ముందు మీ అనుభవం తెలుసుకోవాలని రాస్తున్నాను.

సముద్రపుగాలి, బరంపురం (గంజాం జిల్లా) – జూన్ 4

మీరు ఇంత ఆలోచించనక్కర లేదండీ. పసుపు పూల వెడీలియా నాటండి. ఒక్క ఏడాదిలో దొడ్డంతా పచ్చగా కప్పేస్తుంది, నీరు పెట్టకపోయినా చావదు. మా వీధిలో సగం ఇళ్ల ముందు అదే ఉంది.

సిల్వరోకు, జయపురం (కొరాపుట్ జిల్లా) – జూన్ 5

పెరటినీడ గారూ, మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉంది. పనస చెట్టు నూతి చప్టా పక్కన ఉందన్నారు. అంటే అక్కడ రోజూ బట్టలుతికిన నీరో, కాళ్లు కడిగిన నీరో పారుతూనే ఉంటుంది. మామిడి కింద అటువంటిది లేదు. నీడ అనే ఒక్క మాట కింద మనం రెండు వేర్వేరు పరిస్థితులను కలిపేస్తున్నాం. ఒకటి తడి నీడ, రెండోది పొడి నీడ. అడవిలో వాగు ఒడ్డున ఉండేది మొదటిది. పెద్ద చెట్టు గొడుగు కింద, ఆ చెట్టు వేళ్లే నేలలోని నీటినంతా తాగేసే చోట ఉండేది రెండోది. సరస్వతి ఆకు స్వభావరీత్యా చెరువు గట్టున, వరి చేను అంచున పెరిగే మొక్క. దానికి నీడ లేకపోయినా తడి ఉంటే బతుకుతుంది కానీ, తడి లేకుండా ఎంత నీడ ఇచ్చినా బతకదు. మీ మామిడి కింద దాన్ని చంపింది నీడ కాదు, దాహం.

మరొక సంగతి ఉంది. మామిడి ఆకులు దట్టంగా ఉండడం వల్ల చిన్న చిన్న జల్లులు కొమ్మల మీదే ఆరిపోతాయి, నేలకు దిగవు. మీరు నమ్మకపోతే, ఈ వారంలో ఒక గంట వాన పడిన తరువాత బొరిగె తీసుకుని మామిడి మొదలుకు మూడడుగుల దూరంలో ఒక చోట, కొమ్మల అంచు దాటిన తరువాత ఒక చోట, పనస కింద ఒక చోట జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి చూడండి. ముద్ద కడుతుందో, పొడిగా రాలిపోతుందో చెప్పండి. తవ్వేటప్పుడు సన్నని వేళ్లు ఎన్ని తగిలాయో కూడా లెక్క పెట్టండి. మొక్కల పేర్లు ఆ తరువాత మాట్లాడుకుందాం.

గరిక సంగతి వేరు. అది పూర్తిగా ఎండ మొక్క. దానిని మామిడి కింద నాటించడం మీ తప్పు కాదు, నాటిన మనిషి చెప్పవలసింది. గడ్డే కావాలనుకుంటే వెడల్పాకు కార్పెట్ గడ్డి కొంత నీడను ఓర్చుకుంటుంది. కానీ దానికీ తడి కావాలి.

ప్రాణహిత ఒడ్డు, సిరోంచ (గడ్చిరోలి జిల్లా) – జూన్ 5

సిల్వరోకు గారు రెండు రకాల నీడ చెప్పారు. మా వైపు మూడోది కూడా ఉంది. అది వేసవిలో కనిపించకుండా పోయే నీడ. మా ఇంటి ముందు నాలుగు టేకు చెట్లు ఉన్నాయి. వానాకాలంలో వాటి కింద పట్టపగలు కూడా మసకగా ఉంటుంది కనుక, ఆ చీకటిని చూసి నేను నీడ మొక్కలు నాటాను. చలికాలం దాటేసరికి టేకు ఆకంతా రాలిపోయింది. చెట్లు మోడులుగా నిలబడిన ఆ మూడు నెలలే మాకు ఎండ 45 డిగ్రీలు దాటే కాలం. నీడ అత్యవసరమైన రోజుల్లో నీడ లేదు, నీడ అక్కరలేని వానాకాలంలో మాత్రం మిక్కిలిగా ఉంది. కాబట్టి చెట్టు కింద ఏదైనా నాటే ముందు ఆ చెట్టు ఏ నెలలో ఆకు రాలుస్తుందో చూసుకోవాలి. మామిడి, పనస ఏడాదంతా ఆకుతో ఉంటాయి కనుక ఆ విషయంలో మీరు అదృష్టవంతులు. మీ సందు సంగతి మాత్రం నాకు అర్థం కాలేదు, గోడ ఆకు రాల్చదు కదా.

పెరటినీడ, పర్లాకిమిడి – జూన్ 9

నిన్న సాయంత్రం గంటకు పైగా వాన పడింది. ఉదయాన్నే సిల్వరోకు గారు చెప్పినట్లు మూడు చోట్ల తవ్వాను. పనస కింద మట్టి ముద్ద కట్టి వేళ్ల ముద్రలు కూడా నిలిచాయి. మామిడి కొమ్మల అంచు బయట బాగానే తడిసింది. మొదలు దగ్గర పైన అంగుళం మేర మాత్రమే తడి ఉంది, దాని కింద మట్టి పిండిలా రాలింది. జానెడు గుంటలో పెన్సిలు కంటే సన్నని వేళ్లు పద్నాలుగు తగిలాయి. ఇరవై ఏళ్లుగా ఆ చెట్టు కింద కూర్చుంటున్నాను కానీ, దాని కింద నేల ఇంత ఎండిపోయి ఉంటుందని ఎన్నడూ అనుకోలేదు.

వెడీలియా గురించి కూడా ఎవరైనా చెప్పండి. సముద్రపుగాలి గారి మాట విని మనసు లాగుతోంది.

గొలుసు కొలత, రాయగడ – జూన్ 10

వెడీలియా వద్దు. మధ్య అమెరికా, కరేబియన్ ప్రాంతాల నుంచి వచ్చిన ఈ తీగ ప్రపంచంలో అత్యంత హానికరమైన నూరు ఆక్రమణ జాతుల జాబితాలో ఉంది. దాని ప్రతి కణుపూ నేలను తాకిన చోట వేరు వేస్తుంది. పీకి ప్రహరీ అవతల పారేసిన తీగలు కాలువ వెంట పోయి నాగావళి ఒడ్డు వరకు పాకడం మా ఊళ్లో నేను కళ్లారా చూశాను. ఒకసారి పట్టుకున్న నేలలో మరో మొక్కను పుట్టనివ్వదు. పైగా దట్టమైన నీడలో దానికి పూలు కూడా అంతగా రావు కనుక, దేనికోసం నాటుతామో అదీ దక్కదు. ఆ పసుపు పూల మీదే ముచ్చట ఉంటే మన నేలకు చెందిన పసుపు గుంటగలగర ఉంది. అది తడి ఉన్న చోట నెమ్మదిగా పాకుతుంది, చెప్పిన మాట వింటుంది. రెండింటినీ ఆకును బట్టి పోల్చుకోవచ్చు. వెడీలియా ఆకుకు సాధారణంగా రెండు వైపులా చెవులు లేచి మూడు మొనలుగా కనబడుతుంది, మన గుంటగలగర ఆకు సన్నగా, పొడవుగా, చెవులు లేకుండా ఉంటుంది.

ఇక సందు సంగతి. నేను ముప్పై ఏళ్లు భూముల కొలత పనిలో ఉన్నవాడిని కాబట్టి మొక్కల కంటే దిక్కుల గురించే ధైర్యంగా చెప్పగలను. జయపురం, పర్లాకిమిడి, రాయగడ, సిరోంచ, బరంపురం ఇవన్నీ ఇంచుమించు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీదనే ఉన్నాయి. ఈ అక్షాంశంలో మే మధ్య నాటికి సూర్యుడు మిట్టమధ్యాహ్నం సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కడి నుంచి జులై చివరి వారం వరకు మధ్యాహ్నపు సూర్యుడు మనకు కొంచెం ఉత్తరాన ఉంటాడు, తక్కిన ఏడాదంతా దక్షిణానే ఉంటాడు. అందువల్ల తొమ్మిదిన్నర నెలలు ఇంటి నీడ ఉత్తరపు సందులో పడుతుంది, ఈ రెండున్నర నెలలు మాత్రం ఆ నీడ దక్షిణానికి తిరుగుతుంది. జూన్ మధ్య నుంచి మబ్బులు కాపాడతాయి. మబ్బు లేని ఆ మొదటి నెల రోజులే మొక్కలను కాల్చేవి. నా లెక్క సరైనదైతే, మీ ఇంటికి చూరు ఉంటే, ప్రహరీ వైపు మొక్కలు మాడి, ఇంటి గోడను అంటుకుని ఉన్నవి మిగిలి ఉండాలి. అవునో కాదో చెప్పండి.

పెరటినీడ, పర్లాకిమిడి – జూన్ 10

అక్షరాలా అంతేనండీ. మాది పెంకుటిల్లు, మూడడుగుల చూరు ఉంది. గోడ పక్కన ఉన్న హెమిగ్రాఫిస్ ఇప్పటికీ పచ్చగా ఉంది, ప్రహరీ వైపుదంతా పోయింది. ప్రహరీ సున్నం ఘాటుకు పోయిందని మా వారు వాదించారు, నేనూ నమ్మాను.

సిల్వరోకు, జయపురం – జూన్ 10

గొలుసు కొలత గారికి దండాలు. మా ఇంటి ఉత్తరపు అరుగు మీద ఫెర్న్ కుండీలు ఏటా మే నెలలోనే ఎందుకు గోధుమరంగుకు తిరుగుతాయో నాకు ఇప్పుడు తెలిసింది. ఆ నెల రోజులూ సందు పైన యాభై శాతం నీడ వల కడితే సరిపోతుంది, మొక్కలు మార్చనక్కర లేదు.

నల్లరేగడి, ధర్మాబాద్ (నాందేడ్ జిల్లా) – జూన్ 12

మామిడి కింద నేల పొడిగా ఉందని తెలిసింది కనుక, తరువాత అందరూ చెప్పబోయేది నీరు పెట్టమనే. దయచేసి ఆ పని చేసే ముందు నా కథ వినండి. మూడేళ్ల కిందట నేను మా పెరటి మామిడి కింద బాణపు మొన వంటి ఆకుల సింగోనియం తీగ నాటి, అది వాడకుండా బిందు సేద్యపు గొట్టాలు వేయించి చలికాలమంతా రోజు విడిచి రోజు నీరు వదిలాను. సింగోనియం బ్రహ్మాండంగా పరుచుకుంది. మామిడి మాత్రం పుష్యమాసంలో పూత పూయవలసింది పోయి ఎర్రటి లేత చిగుళ్లు వేసింది. ఆ ఏడు ఊరగాయకు కూడా కాయ లేదు. రెండో ఏడూ అంతే జరిగింది. తోటల వారిని అడిగితే నవ్వారు. పూతకు ముందు రెండు మూడు నెలలు మామిడికి నీరు ఆపి ఆరబెట్టాలనీ, ఆ కాలంలో తడి తగిలితే చెట్టు పూతకు బదులు ఆకుకు పోతుందనీ చెప్పారు. నేల మొక్క కోసం పండ్ల చెట్టును పాడు చేసుకున్నవాడిగా నన్ను ఇంట్లో ఇప్పటికీ పరిచయం చేస్తారు.

మా నల్లరేగడిలో మరో చిక్కు ఉంది. వేసవిలో చెయ్యి దూరేంత పగుళ్లు, వానాకాలంలో బురద. నీడలో బాగుంటుందన్న కర్పూరవల్లి, మరాఠీ వారి పాన్ ఓవా, భాద్రపదంలో మొదలంటా కుళ్లిపోయింది. మీ ఎర్రనేలకు ఆ బాధ తక్కువ.

సిల్వరోకు, జయపురం – జూన్ 13

నల్లరేగడి గారు చెప్పినది ఈ చర్చలో అన్నిటికంటే విలువైన మాటగా నేను భావిస్తున్నాను. ఎందుకంటే మామిడి కింద నాటే మొక్క నీడను ఓర్చుకుంటే చాలదు, మామిడి పంచాంగాన్ని కూడా పాటించాలి. కార్తీకం నుంచి పూత నిలిచి పిందె బఠాణీ గింజంత అయ్యే వరకు చెట్టు ఎండి ఉండాలంటే, ఆ నెలల్లో నీరు అడగని మొక్కలే దాని కింద ఉండాలి. అటువంటివి మన కొండల్లోనే ఉన్నాయి. అవి తొలకరికి లేచి, వానాకాలమంతా ఆకు పరచి, చలి మొదలవగానే పైభాగం ఎండిపోయి దుంప రూపంలో నిద్రపోయే జాతులు. నేల కొట్టుకుపోయేది వానల్లో, అప్పుడవి మేలుకుని నేలను పట్టుకుంటాయి. చలికాలంలో బోసిగా కనిపించినా కొట్టుకుపోవడానికి వాన ఉండదు. రాలిన మామిడాకే అప్పటి కప్పు.

వీటిలో నాకు మొదట తోచేది చంద్రమూల. ఒక్కో దుంప నుంచి రెండు మూడు గుండ్రటి ఆకులు నేలకు అంటుకుని పళ్లెంలా పరుచుకుంటాయి, మధ్యలో తెల్లటి చిన్న పూలు ఊదా మచ్చతో పూస్తాయి. సున్నిపిండిలో కలిపే కచ్చూరాలన్న పేరును బజారులో రెండు మూడు రకాల దుంపలకు వాడుతారు కనుక, పేరు చెప్పి కాక ఆకు చూసి తెచ్చుకోండి. రెండోది కొండకలువ. దాని ఆకు నిటారుగా లేస్తుంది, కింద వైపు ఊదా రంగు ఉంటుంది. మూడోది అందరి ఇళ్లలో ఉన్న పసుపే. మా జిల్లాలోని పొట్టంగి పరిశోధన కేంద్రం విడుదల చేసిన రోమా, సురోమా రకాలను మా వాళ్లు పాక్షిక నీడలో వేస్తారు. అయితే పసుపును తవ్వి తీయాలి, తవ్వితే మామిడి పీచు వేళ్లు తెగుతాయి. అందుచేత పసుపును కొమ్మల అంచుకు, తవ్వనక్కర లేని చంద్రమూలను లోపలికి పెట్టుకోవాలి.

నాటే పద్ధతి గురించి ఒక హెచ్చరిక. వేళ్లు తేలాయి కదా అని ట్రాక్టరు మట్టి తెప్పించి మొదలు చుట్టూ పోయకండి. వేళ్లకు గాలి అందదు, బెరడు తడిలో నాని కుళ్లు పడుతుంది. గునపం వద్దు, బొరిగెతో వేళ్ల మధ్య దొరికిన సందుల్లో మాత్రమే రెండంగుళాల లోతు గుంటలు తీసి, చివికిన ఆకు ఎరువు గుప్పెడు వేసి, దుంప ముక్కను కన్ను పైకి ఉండేలా పెట్టండి. జానెడు ఎడం సరిపోతుంది, అంటే చదరపు మీటరుకు ఇరవై నుంచి పాతిక ముక్కలు. వేరు అడ్డం వస్తే మొక్కే పక్కకు జరగాలి.

ప్రాణహిత ఒడ్డు, సిరోంచ – జూన్ 13

కొండకలువ పేరు చదివి లేచి కూర్చున్నాను. మా అడవిలో మరాఠీవాళ్లు భుయిచాఫా అనేది అదే. ఎండలు మండే రోజుల్లో, ఆకన్నది లేకుండా, పగిలిన నేలలోంచి తెలుపు, ఊదా కలిసిన పువ్వు నేరుగా లేస్తుంది. పువ్వు వాడిన తరువాతే ఆకు వస్తుంది. టేకు కింద ఏమీ బతకదని రాసినవాడిని నేనే. టేకు మోడుగా ఉండే నెలల్లో దుంపగా నిద్రపోయి, టేకు ఆకు వేసే వేళకు ఆకు వేసే మొక్క నా గుమ్మం అవతల అడవిలో ఉండగా నర్సరీల చుట్టూ తిరిగాను. అడవిలోంచి పెకలించి తేవడం మాత్రం సబబు కాదు, దొడ్లో పెంచుకుంటున్నవారి దగ్గర పిలక అడిగి తెచ్చుకుంటాను.

నాగావళి నీరు, రాయగడ – జూన్ 15

మామిడి మొదలు పక్కనే, చంద్రమూల కూడా పట్టని ఆ రెండడుగుల చోటుకు చాగ పెట్టండి. స్నేక్ ప్లాంట్ పేరుతో అమ్మే వాటికి మన తూర్పు తీరపు చుట్టం ఇది. పూర్వం దీని నారతో తాళ్లు, వింటి అల్లెలు చేసేవారు. పొడి నీడలో దీనికి సాటి లేదు, నీరు పెడితేనే అలుగుతుంది. ఎత్తు మూరెడు ఉంటుంది కనుక పరుపులా కనిపించదు, అది మాత్రం ఒప్పుకోవాలి. మనీప్లాంటును మాత్రం చెట్టు కింద వదలకండి. నేల మీద పాకినంత కాలం చిన్న ఆకులతో బుద్ధిగా ఉంటుంది, మొదలు దొరికితే ఎక్కి చేటంత ఆకులు వేసి కొమ్మలను కమ్ముతుంది. మనీప్లాంటు, సింగోనియం రెండింటిలోనూ, కంద, చేమ కోసినప్పుడు చేతికి దురద పుట్టించే ఆ సూదుల్లాంటి స్ఫటికాలే ఉంటాయి. పాకే పిల్లలున్న ఇంట్లో గుమ్మం దగ్గర పెట్టకపోవడం మేలు.

సముద్రపుగాలి, బరంపురం – జూన్ 16

వెడీలియా మీద నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మా ప్రహరీ బయట కాలువలో కూడా అదే ఉందని నిన్న వెళ్లి చూశాక తెలిసింది.

పనస కింద తడి నీడ బాగుందని అందరూ మెచ్చుకుంటున్నారు కానీ, ఆ తడిలో మరొకటి కూడా పెరుగుతుంది. నత్తలు. మా ఇంట్లో అరచేతి పొడవు ఆఫ్రికా నత్తలు రాత్రికి రాత్రి సరస్వతి ఆకును కాడలు మిగిల్చి తినేశాయి. 1847లో ఎవరో మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చిన జీవాలట, ఇప్పుడు మా వంటింటి గుమ్మం దాకా వచ్చాయి. సాయంత్రం తడిపిన గోనెసంచి కింద బొప్పాయి ఆకులు పెడితే తెల్లవారేసరికి అన్నీ అక్కడ చేరతాయి. వాటిని ఉప్పునీటి బకెట్లో వేస్తాను. ఉప్పును నేల మీద చల్లకూడదు, మొక్కలే పోతాయి. వట్టి చేతులతో పట్టుకోకండి, వాటి జిగురు ద్వారా మెదడుకు హాని చేసే పురుగు సోకవచ్చు.

చర్చా నిర్వాహకులు – జూన్ 17

సరస్వతి ఆకు పేరుతో వేరే మొక్కలు చేతులు మారుతున్నాయని ఇద్దరు సభ్యులు విడిగా రాశారు. ఆకు మొదట్లో కోత ఉండి, కాడ ఆ కోత దగ్గర అతుక్కుంటే అది సరస్వతి ఆకు, ఒడియాలో థాలకుడి. గుండ్రటి ఆకుకు కాడ గొడుగు కర్రలా నట్టనడుమ అతుక్కుంటే అది అలంకారానికి పెంచే పెన్నీవర్ట్. మందమైన చిన్న ఆకులతో, లేత తెల్లని పూలతో నీటి పక్కన పాకేది సంబ్రాణి ఆకు, దానినీ బ్రాహ్మి అంటారు. తినడానికి కోసేవారు మూడింటినీ కలపకూడదు. సబ్బు నీరు పారే చోట పెరిగినది ఏదైనా తినకపోవడమే మంచిది.

పెరటినీడ, పర్లాకిమిడి – నవంబరు 22

ఐదు నెలల తరువాత రాస్తున్నాను, మన్నించండి. జూన్ ఆఖరున మామిడి కింద చంద్రమూల దుంప ముక్కలు నూట ఇరవై, కొండకలువ పదిహేను, అంచున రోమా పసుపు ఒక వరుస, మొదలు పక్కన చాగ నాటాను. జులై అంతా ఏమీ జరగలేదనిపించింది. ఆగస్టులో ఒక్కసారిగా చంద్రమూల ఆకులు పరుచుకుని వేళ్ల మధ్య మట్టి కనిపించకుండా పోయింది. సుమారు ముప్పై ముక్కలు మొలవలేదు. తవ్వి చూస్తే కుళ్లి ఉన్నాయి. అవన్నీ నేను అత్యాశకు పోయి అంగుళం ఎక్కువ లోతుగా, పచ్చి పేడతో నాటినవి. పెద్ద మామిడాకులు మీద పడి చిన్న మొలకలను కప్పేస్తుంటే వారానికి రెండుసార్లు చేత్తో ఏరాను, చీపురు వాడలేదు. ఈ ఏడు వానకు కొట్టుకుపోయిన మట్టి చాలా తక్కువ. ఇప్పుడు ఆకులు పసుపుపచ్చగా తిరుగుతున్నాయి. మా వారు నీళ్ల గొట్టం పట్టుకుని బయలుదేరితే ధర్మాబాద్ కథ చెప్పి ఆపాను.

ఒక చోట మాత్రం ఏదీ పట్టలేదు. తుపానుకు కూలిన చెట్టు మొద్దు ఉన్న పడమటి వైపున, మూడు గంటల ఎండ ఏటవాలుగా కొట్టే రెండు గజాల మేర. అక్కడ ఏమీ నాటకుండా ఆకు పోగు చేసి ఎరువు గుంటగా మార్చాను.

నల్లరేగడి, ధర్మాబాద్ – నవంబరు 23

కాయలు కాస్తే ఊరగాయ జాడీ ఒకటి నాకు పంపాలి. ఆ గొట్టం మూల పెట్టించిన ఘనత నాది.

సిల్వరోకు, జయపురం – నవంబరు 25

పచ్చి పేడ వేడికి దుంప కుళ్లుతుంది, పూర్తిగా చివికి మట్టి వాసన వచ్చే ఎరువే వాడాలి. ఎండిన ఆకులను పీకకండి, వాటంతట అవి ఊడితే దుంపకు గాయం కాదు.

పనస కింద ఇంకా చోటు ఉంటే పిప్పలి వేయండి. పాడేరు, చింతపల్లి కొండల్లో దీన్ని కాయ కంటే వేళ్ల కోసమే ఎక్కువగా పండిస్తారు, ఆ వేళ్లనే మోడి అంటారు. తమలపాకు వంటి ఆకు, సగం నీడ, నిత్యం తడి. పనసకు మామిడిలా చలికాలపు ఆరుదల పట్టింపు లేదు కనుక అక్కడ నీరు పెట్టినా చింత లేదు. ఎక్కడానికి ఆసరా ఇవ్వకపోతే కణుపు కణుపుకూ వేరు వేస్తూ నేల మీదే పరుచుకుంటుంది. మూరెడు ఎడంలో నాటినా రెండో వానాకాలానికి కలిసిపోతుంది.

పెరటినీడ, పర్లాకిమిడి – మే 19

ఈ మధ్యాహ్నం సందులో చూరు దాటి ఎండ పడడం చూసి, గొలుసు కొలత గారిని తలచుకుని నీడ వల కట్టించాను. మామిడి బాగా కాసింది. కోసిన కాయలు రెండు బస్తాలయ్యాయి, నల్లరేగడి గారి జాడీ ఎండలో ఊరుతోంది. మూడు రోజుల కిందట చెట్టు కింద కాయలు ఏరుతున్న మా మనవరాలు నేలలోంచి పువ్వు వచ్చిందని అరిచింది. ఎండిన మామిడాకులను తోసుకుని కొండకలువ రెండు పూలు లేచాయి, ఆకు ఇంకా లేదు. మా పక్కింటి ఒడియా ఆవిడ చూసి భుయించంపా అంటూ పిలక ఒకటి అడిగింది.

సిల్వరోకు గారూ, పిప్పలి తీగలు మా చుట్టుపక్కల దొరకలేదు. మీ దగ్గర ఉంటే తెలుపగలరు.

సిల్వరోకు, జయపురం – మే 20

ఉన్నాయి. అయితే పిప్పలిలో ఆడ, మగ తీగలు వేరు. కంకి వేస్తే తప్ప తేడా తెలియదు. పొట్టిగా, లావుగా ఉన్న కంకి ఆడది, సన్నగా పొడవుగా సాగినది మగది. కాయ కావాలో, నేల కప్పితే చాలో చెప్పండి, దాన్ని బట్టి కోస్తాను. రెండు మంచి వానలు పడిన తరువాత వేళ్లున్న కణుపులను తడి గోనెలో చుట్టి గుణుపురం బస్సులో పంపుతాను. అందిన పూటే నాటండి, తెల్లవారే దాకా ఉంచవద్దు.